పన్నెండు దాటితే రానక్కర్లేదు

2023 జూన్ 14, బుధవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలకు సాయిశ్రీ ఎడమ చేతి ఉంగరపు వేలి నుంచి తీసిన రక్తపు బొట్టులో డెసిలీటరుకు 9.2 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నట్టు తేలింది. ఆమె వయసు పదిహేడేళ్ల రెండు నెలలు. ఊరు లింగంపేట మండలంలోది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, బైపీసీ. ఆ ఉదయం కాలేజీలో ప్రార్థన జరుగుతుండగా నిలుచున్నచోటే కూలబడిపోతే, లెక్చరర్ ఒకామె ఆటోలో ఎల్లారెడ్డిలోని ఒక ఆసుపత్రికి తెచ్చి దింపి, తన క్లాసుకు వేళవుతోందని అదే ఆటోలో తిరిగి వెళ్లిపోయింది.

రక్తం తీసినవాడు పురుషోత్తం. ఆ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి గాని, ఎదుటివాళ్లకు వినబడుతుందో లేదోనన్న అనుమానం జాస్తి.

"పన్నెండు ఉండాలె బిడ్డా, నీది తొమ్మిదిన్నది," అన్నాడు వరండా చివరి దాకా వినబడేలా. "పదిహేను రోజులకోసారి వచ్చి చూపిచ్చుకోవాలె. గోలీలు పూటకొకటి, రోజుకు రెండు. పన్నెండు దాటినంక ఇగ నువ్వు రానక్కర్లే."

ఈ మాట ఆయన రక్తం తక్కువున్న ప్రతి మనిషికీ చెబుతాడు. దానివల్ల ఎవరికైనా నష్టం కలుగుతుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లకు రక్తం తక్కువని తేలితే ఆహారం గురించి చెప్పడానికి కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. అలా సాయిశ్రీ వాజిదా గదిలోకి వచ్చింది.

వాజిదాకు నలభై మూడేళ్లు. కామారెడ్డిలో పుట్టింది, అక్కడే ఉంటోంది. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. కన్ను చిట్లించి చిన్న వస్తువును చాలాసేపు చూడటం ఆయన దగ్గరే అలవడింది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. భర్త ఖాజా ఆరేళ్లు సౌదీలో ఉండి వచ్చి ఇన్వర్టర్ల దుకాణం పెట్టుకున్నాడు. పదకొండేళ్లుగా ఆమె కౌమార ఆరోగ్య కౌన్సెలర్. నాలుగు రోజులు కామారెడ్డి చుట్టుపక్కల, బుధ, శుక్రవారాలు ఎల్లారెడ్డిలో. ఉదయం ఎనిమిదీ పదికి బస్సెక్కితే తాడ్వాయి, లింగంపేటల మీదుగా సగటున గంటా పదహారు నిమిషాలు పడుతుంది. సగటు అంటే నిజంగానే సగటు. మొదటి రెండేళ్లు ఆమె రాసి పెట్టుకుంది.

ఆమె గది స్టోరు రూములో సగం. మిగతా సగంలో టీకాల డబ్బాలు, పనిచేయని బరువు తూచే యంత్రం ఒకటీ ఉంటాయి. మధ్యనున్న చెక్క గోడ పైకప్పు దాకా పోలేదు, రెండడుగుల సందుంది. అందుకని పిల్లలెవరైనా లోపలికి రాగానే ఆమె ఫ్యాను ఐదో నంబరులో పెడుతుంది. ఐదో నంబరులో ఆ ఫ్యాను చేసే చప్పుడుకు, లోపల మామూలు గొంతుతో మాట్లాడుకునేది స్టోరు వైపు వినబడదు. పురుషోత్తాన్ని అటు నిలబెట్టి ఆమె దీన్ని పరీక్షించి చూసుకుంది. డిసెంబరులోనూ ఐదే.

"మేడం, లోపట పేషంట్లు సలికి వణుకుతుండ్రు," అంటాడాయన.

"శాలువా ఇస్తున్న గద అన్నా," అంటుంది ఆమె. శాలువా నిజంగానే ఉంది, బీరువాలో రెండో అరలో.

ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ మొదటిరోజు చెప్పే మాటలే సాయిశ్రీకీ చెప్పింది. "ఇక్కడ చెప్పింది ఈ గదిలనే ఉంటది. నీ ప్రాణానికి అపాయమున్నదనిపిస్తెనో, నీ మీద ఎవరన్న చెయ్యి చేసుకుంటున్నరని తెలిస్తెనో తప్ప, నీకు చెప్పకుండ ఎవ్వరికీ చెప్ప. గప్పుడు గూడ ముందుగాల నీకే చెప్త. చెప్పాలనిపించకపోతె చెప్పకు, గది నీకు పదిహేను నిమిషాలు ఉంటది."

సాయిశ్రీ ఆ పదిహేను నిమిషాల్లో పాలకూర గురించి అడిగింది. రెండోసారి వచ్చినప్పుడు బెల్లం గురించి అడిగింది. అప్పుడు 9.6. జూలై 12న మూడోసారి వచ్చింది. 10.3. కుర్చీలో కూర్చుని, బెల్లం గురించీ పల్లీల గురించీ ఇక అడగడానికేమీ మిగలక కొంతసేపు ఫ్యాను వైపు చూసింది.

"మేడం, ఇప్పుడు ఆకు నేనే కత్తిరించుకుంటున్న," అంది.

వాజిదా పెన్ను కింద పెట్టింది. లింగంపేట వైపు ఇంటింటా బీడీలు చేస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించడం ఒక పని, తంబాకు వేసి చుట్టి కొసలు మలవడం ఇంకో పని. ఇద్దరు కుదిరితే పని ఊపందుకుంటుంది.

"ఇంతకుముందు ఎవరు కత్తిరిస్తుండె?"

"వినీత. మా వాడకట్టే. పదో తరగతి దాంక నాతోనే చదివింది. మే నెలల పెండ్లయి డోంగ్లి పోయింది." వేలికంటిన దూది తీసేసింది. "పెండ్లయితె దోస్తులు పోతరు మేడం. అందరు పోతరు. గా బాధ గాదు ఇది. నాకు పోరగాండ్ల మీద ఎన్నడు గట్ల అనిపియ్యలె. వినీత మీద అనిపిచ్చింది. దానికి తెల్వదు. ఫోన్ల వెతికిన. దీనికి పేరున్నదంట."

"ఉన్నది."

"రోగమా మేడం?"

"కాదు."

సాయిశ్రీ ఇంకేదో వస్తుందని ఎదురుచూసింది. వాజిదా ఆ ఒక్క మాట దగ్గరే ఆగింది. దాన్ని పొడిగిస్తే అనుమానం మొదలవుతుందని ఆమెకు తెలుసు.

"మా అమ్మకు చెప్తరా?"

"నువ్వు చెప్పమంటె తప్ప చెప్ప."

"నన్ను ఏం చెయ్యమంటరు?"

"ఇయ్యాల ఏం చెయ్యొద్దు. గా పేరు పెట్టుకోవాల్నా ఒద్దా, ఎవరికన్న చెప్పాల్నా ఒద్దా అన్నది నీ చేతుల్నే ఉన్నది. తొందరేం లేదు."

"తొందరున్నది మేడం," అంది సాయిశ్రీ. "దసరా లోపల ఎవరికో మాటియ్యాలని చూస్తుండ్రు. పరీక్షలైనంక, పద్దెనిమిది నిండినంక చేస్తరంట. అబ్బాయిది గాంధారి దిక్కు. ఆళ్లు అడిగింది ఒక్కటే, పిల్లకు బీడీల కార్డు ఉన్నదా అని. అదుంటె యాడికి పోయినా పని దొరుకుతది."

వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, "పదిహేను రోజులకు వస్త," అంది. ముఖంలో ఎన్నాళ్లదో బరువు దించుకున్న తేలిక కనిపించింది. వాజిదా దాన్ని గమనించింది గాని రాసుకోలేదు, ఎందుకంటే ఆమె రిజిస్టరులో ముఖాలకు గడి లేదు.

ఆమె జాగ్రత్తకు కారణముంది. 2016లో తాడ్వాయి దగ్గరి ఊరి నుంచి సిద్దార్థ అనే పదహారేళ్ల పిల్లవాడు ఇలాంటి మాటే చెప్పాడు. అప్పటికి ఆమెకు ఉద్యోగం నాలుగేళ్లది. తల్లిదండ్రుల సహకారం తీసుకోవాలని శిక్షణలో చెప్పారు, ఆమె తీసుకుంది. తండ్రిని పిలిపించి, మెల్లగా, శాస్త్రీయంగా, ఇరవై నిమిషాలు వివరించింది. ఆయన చేతులు జోడించి ధన్యవాదాలు చెప్పి వెళ్లాడు. మూడో రోజున పిల్లవాణ్ని చదువు మాన్పించి భీవండిలో మరమగ్గాల దగ్గర పనిచేసే చిన్నాన్న ఇంటికి పంపేశారు. ఆమె నోటు పుస్తకంలో ఆ పేరు ఎదుట 'తదుపరి సందర్శన' అన్న చోటు ఏడేళ్లుగా ఖాళీగా ఉంది. బస్సు తాడ్వాయిలో రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాలూ ఆమె ఫోను చూసుకుంటుంది.

జూలై 26న వానలకు బస్సులు నడవలేదు. ఆగస్టు 9న 10.9. వాజిదా లెక్క ప్రకారం సెప్టెంబరు మూడో వారానికి పన్నెండు రావాలి.

ఆగస్టు 23న 10.6 వచ్చింది. సెప్టెంబరు 6న 10.1.

పురుషోత్తం యంత్రాన్ని అనుమానించాడు. కొత్త స్ట్రిప్పు పెట్టి, తన వేలే పొడుచుకుని చూశాడు. 14.2 వచ్చింది. కొంత గర్వంగానే చూపించాడు. యంత్రంలో దోషం లేదు. నులిపురుగులేమోనని చూస్తే మాత్ర అప్పటికే ఇచ్చి ఉన్నారు. గోలీలు వేసుకున్న గంటలోపు చాయ్ తాగుతోందేమోనని అడిగితే తాగడం లేదంది.

వాజిదా ఫ్యాను ఐదో నంబరులో పెట్టి ఒకే ప్రశ్న అడిగింది.

"దొడ్డికి పోతె ఏ రంగుల వస్తున్నది?"

సాయిశ్రీ ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. "మామూలుగనే మేడం," అంది.

ఇనుము మాత్రలు సరిగా వేసుకుంటున్న మనిషికి నల్లగా వస్తుంది. బైపీసీ చదివే పిల్లకు ఆ సంగతి వాజిదా ముఖం చూసేసరికి గుర్తొచ్చింది. తల దించుకుని, బ్యాగులోంచి ఒక రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత తెరిస్తే తంబాకు వాసన వచ్చింది. లోపల ఎర్ర మాత్రలు. వాజిదా లెక్కపెట్టింది. నలభై ఏడు.

ఆగస్టు 9 నుంచి ఇచ్చినవి యాభై ఆరు.

"మొదటి మూడు దినాలు మింగిన," అంది సాయిశ్రీ.

"గవి ఆరు. ఇంకో మూడు?"

"కండ్లు తిరుగుతున్నయని మా అవ్వ మింగింది."

లెక్క సరిపోయింది. వాజిదా డబ్బా మూత పెట్టింది.

"ఎందుకు మానేసినవ్?"

"పన్నెండైతె ఇగ రావద్దంటరు కద మేడం." గొంతు చిన్నదైంది. "నాకు ఇది చెప్పుకునే జాగ ఇంకోటి లేదు. మా ఊర్ల ఎవరి ముంగట అన్నా, నేను ఇంటికి పోయే లోపట ముచ్చట ఇంటికి చేరుతది. రక్తం తక్వున్నదంటె మా అమ్మ బస్సుకు పైసలిచ్చి పంపుతున్నది. గందుకె."

వాజిదా డబ్బాను ఆమె వైపు జరిపింది. పదకొండేళ్లలో మాత్రలు మరిచిపోయినవాళ్లను, పారేసినవాళ్లను, మేకకు పెట్టినవాళ్లను చూసింది. ఒక గదిలోకి రావడానికి రక్తాన్ని తగ్గించుకున్న పిల్లను చూడటం ఇదే మొదటిసారి. పురుషోత్తం మాట తప్పని ఆ మొదటి రోజే తను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అది తన పొరపాటుగా ఆమె నోటు పుస్తకంలో తేదీతో సహా రాసుకుంది.

"పన్నెండు కాదు, పదిహేనైనా రావచ్చు," అంది. "ఈ గదికి రక్తం అడ్డం గాదు. రేపటి సంది గోలీలు మింగు. అవ్వను గూడ ఓసారి తీస్కరా, మూడింటితోని ఆమెకేం గాదు."

సాయిశ్రీ నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం అదే మొదలు.

సెప్టెంబరు 20న సాయిశ్రీ రాలేదు. ఆమెకు బదులు తల్లి భూమక్క వచ్చింది. నలభై రెండేళ్లు. కుడి బొటనవేలి గోరు బీడీ కొసలు మలిచీ మలిచీ అరిగి ఉంది. భర్త బాలరాజు మస్కట్‌లో ఉంటాడు, శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తాడు. భూమక్క కుర్చీ అంచున కూర్చుంది.

"మేడం, మూడు నెలల సంది తిరుగుతున్నది. పది దాటి పదికే వచ్చింది. గోలీలల్ల దమ్ము లేదా, పిల్లల్ల దమ్ము లేదా?"

"గోలీలు మంచియే అక్కా. ఇప్పుడు సరిగ్గ మింగుతున్నది. పెరుగుతది."

"సరె." భూమక్క కొంగు సర్దుకుంది. గొంతు తగ్గించి అసలు మాటకొచ్చింది. "నిజం చెప్పుండ్రి. గిది దావఖానకు వస్తున్నదా, ఎవడన్న పోరడు దొరికిండా? తిండి తింటలేదు. కిటికి దిక్కు చూస్తది. నేను గూడ పదిహేడేండ్లు దాటొచ్చిన, నాకు తెల్వదా."

ఫ్యాను తిరుగుతోంది. వాజిదా చూపు తిప్పుకోలేదు.

"పోరడెవ్వడు లేడు."

"ఖరారా?"

"ఖరారు."

"మీ పిల్లల మీద ఒట్టు?"

"ఒట్టెందుకు అక్కా, నా నౌకరి మీద చెప్తున్న. పోరడు లేడు."

భూమక్క గట్టిగా ఊపిరి వదిలింది. "గంతె చాలు. గాంధారోళ్లకు దసరాకు మాటియ్యాలె. పిల్లకు రక్తం తక్వున్నది, పన్నెండైనంక చెప్తమన్న. రక్తం లేని పిల్లను ఇచ్చి మాట పడుతమా?" పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "మీరు తురకోళ్లయినా మంచిగ తెలుగు మాట్లాడుతరు మేడం," అని మెచ్చుకుంది.

"మాది కామారెడ్డే అక్కా," అంది వాజిదా.

ఆ సాయంత్రం ఏడూ పదికి ఆమె ఇంట్లో చాయ్ కప్పు పట్టుకుని తాగకుండా కూర్చుంది. ఖాజా దుకాణం మూసి వచ్చి ఆ కప్పు చూశాడు.

"ఎవరి రహస్యం?" అన్నాడు.

ఆమె కప్పు బల్ల మీద పెట్టింది.

"నీకంటె మా ఇన్వర్టరే నయం," అన్నాడాయన. "లోపట లోడ్ ఎక్కువైతె బీప్ అన్న అంటది."

"నిజమే చెప్పి అబద్ధం ఆడినట్టయింది ఇయ్యాల," అంది ఆమె. అంతకు మించి చెప్పలేదు, ఆయనా అడగలేదు. కప్పు తీసుకెళ్లి మళ్లీ వేడిచేసి తెచ్చాడు.

అక్టోబరు 4న సాయిశ్రీ వచ్చింది. 10.8. తల్లికి తనే చెప్పేస్తానంది. దసరా అక్టోబరు 23. మాట ఇచ్చాక చెబితే అమ్మ పరువు పోతుంది, ఇవ్వక ముందే చెబితే తన ఒక్కదాని పరువే పోతుంది. ఆమె లెక్క అది. వాజిదా ఆ లెక్కను మెచ్చుకోలేదు, కాదనలేదు. అడగాల్సినవి అడిగింది. చెప్పొద్దనిపిస్తే చివరి నిమిషంలోనైనా మానుకోవచ్చని రెండుసార్లు చెప్పింది.

"మీ అమ్మకు కోపమొస్తె ఏం చేస్తది?"

"తిడుతది. చీపురు ఇసిరేస్తది. తాకకుంట ఇసురుతది."

"ఇంట్ల నుంచి పొమ్మంటె?"

"తాడ్వాయిల మా పెద్దమ్మ ఉన్నది. ఏం అడుగకుండ బువ్వ పెడుతది."

"ఫోన్ గుంజుకుంటె?"

సాయిశ్రీ ఆలోచించింది. వాజిదా తన నంబరును కాగితం మీద కాదు, రసాయనశాస్త్రం పుస్తకం చివరి పేజీలో, పరమాణు భారాల పట్టిక కింద రాయించింది. నాన్నకు చెప్పడం ఇప్పుడు కాదని సాయిశ్రీయే అంది. వినీత పేరు అస్సలు ఎత్తకూడదని కూడా తనే అంది. దానికి కొత్త కాపురం. ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ఆమెదే.

"బీడీలు చేసేటప్పుడు చెప్త మేడం. చేతుల్ల పనుంటది, మొఖం చూసుకునే పని లేదు."

అక్టోబరు 8, ఆదివారం, మధ్యాహ్నం ఆమె చెప్పింది. ఎలా చెప్పిందో 18న వచ్చి వాజిదాకు వివరించింది. అవ్వ చుట్టాలింటికి పోయింది. తల్లీకూతుళ్లు ఎదురెదురుగా చాటలు పెట్టుకుని కూర్చున్నారు. నాలుగే వాక్యాలు, ముందే అనుకున్నవి. భూమక్క చుట్టడం ఆపలేదు. తిట్టలేదు, చీపురు తీయలేదు. చుట్టిన బీడీలు ఏరి, కట్ట కట్టి పక్కన పెట్టింది. కట్టకు ఇరవై ఐదుండాలి. పదమూడేళ్ల వయసు నుంచి కట్టలు కడుతున్న మనిషి. మర్నాడు కార్ఖానాలో ఆ కట్ట విప్పితే ఇరవై ఏడున్నాయి.

"తర్వాత?"

"ఏమనలె మేడం. తెల్లారి లేచి గోలీల డబ్బా ఆమె దగ్గర పెట్టుకున్నది. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి, దగ్గర నిలబడి మింగిపిస్తున్నది. నాలుక చాపమంటది. బెల్లం పెడుతది, పల్లీలు పెడుతది. ఐతారం మేక కార్జం వండింది. మా ఇంట్ల కార్జం తిని రెండేండ్లయింది." సాయిశ్రీ కళ్లు మెరిశాయి. "ఒప్పుకున్నట్టేనా మేడం?"

ఆ రోజు 11.2. వాజిదా ఆ సంఖ్యనూ ఆ కళ్లనూ చూసి, ఆశపడింది. 'తల్లి సహకారం బాగుంది' అని రాసింది. సాధారణంగా ఆమె అలాంటి వాక్యం రెండు సందర్శనల తర్వాత గాని రాయదు.

నవంబరు 1న 11.7.

నవంబరు 15న తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. భూమక్క కొత్త చీర కట్టింది. ఎన్నికల పనిమీద సగం సిబ్బంది వెళ్లిపోవడంతో వరండా ఖాళీగా ఉంది. పురుషోత్తం యంత్రం చూసి, అవసరం లేకపోయినా, వరండా అంతటికీ ప్రకటించాడు.

"పన్నెండు పాయింట్ ఒకటి! పాసైనవ్ బిడ్డా. ఇగ రానక్కర్లే."

భూమక్క రెండు చేతులూ కళ్లకద్దుకుంది. నేరుగా వాజిదా గదిలోకి నడిచింది. కూతురు వెనకాలే వచ్చింది. వాజిదా లేచి ఫ్యాను వేసింది.

"పన్నెండైంది మేడం," అంది భూమక్క. "ఇగ పోయినట్టేనా?"

"ఏంది అక్కా?"

"అదే." భూమక్క కూతురి వైపు చూడకుండా, గడ్డంతో చూపించింది. "రక్తం లేక గట్ల అనిపిచ్చింది కద. మీరు గందుకే కద పిలిపిచ్చుకున్నరు. నేను నెల మీద వారం సంది ఒక్క పూట తప్పియ్యలె. కార్జం పెట్టిన, కర్జూర పెట్టిన. గాంధారోళ్లు మూడుసార్లు ఫోన్ చేసిండ్రు, ఆగుండ్రి పన్నెండు గానియ్యిండ్రి అన్న. ఇప్పుడైంది. ఇగ మాటియ్యనా?"

ఫ్యాను గాలికి రిజిస్టరు పేజీలు రెపరెపలాడాయి. సాయిశ్రీ తలుపు దగ్గరగా వేసింది. నెలకు పైగా తను తిన్న కార్జమంతా ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

వాజిదాకూ అప్పుడే తెలిసింది. తల్లికి అనుమానం రాకుండా ఈ గదిలో కలుసుకోవడానికి రక్తాన్ని అడ్డం పెట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే కాదు, తనూ. ఆ తల్లి చూసింది చూసినట్టు లెక్కగట్టింది. ఒకే గది, ఒకే గోలీలు, ఒకే పిల్ల. అంతకన్నా తర్కబద్ధంగా ఎవరూ ఆలోచించలేరు.

ఆమె సాయిశ్రీ వైపు చూసింది. "చెప్పనా?"

సాయిశ్రీ తలూపింది.

"అక్కా, కూసో. తప్పు నాది. రక్తం వేరు, ఇది వేరు. గోలీలు రక్తానికి. ఇది రక్తంల లేదు. ఇది రోగం కాదు, తగ్గడానికి."

"మరి యాడున్నది?"

"తెల్వదు. ఎందుకు కొందరు గట్ల ఉంటరో సైన్సుకు ఇంక పూర్తిగ తెల్వదు. రోగం కాదని మాత్రం తెలుసు. పెద్ద డాక్టర్లందరు ఒప్పుకున్నరు. కోర్టు గూడ నేరం గాదని చెప్పి ఐదేండ్లయింది."

"గంత సదువుకున్నరు, తెల్వదంటరా?"

"తెల్వనిది తెల్వదనే చెప్పాలె కద."

భూమక్క కుర్చీలో వెనక్కి జరిగింది. కాసేపు అరిగిన బొటనవేలి గోరు చూసుకుంది. "ఎవరన్న మందు పెట్టిన్రా?"

"లేదు."

"నా పెంపకంల ఏమన్న..."

"లేదు అక్కా. నీవల్ల గాలె, చదువువల్ల గాలె, ఫోనువల్ల గాలె."

"కామారెడ్డిల ఒకాయన ఉన్నడంట. గిసొంటియి తిప్పేస్తడంట, పదిసార్లు పోతె."

"పోవద్దు. తిప్పుతమని మందులిచ్చుడు డాక్టర్లకు తప్పని వాళ్ల మీది కమిషనే 2022ల చెప్పింది. పిల్ల మారదు. పిల్ల చెడుతది."

"అమ్మా," అంది సాయిశ్రీ. "పన్నెండైతె మారుతననుకున్నవా?"

"నువ్వు జర ఆగు," అంది భూమక్క. గసరలేదు, అలసిపోయిన మనిషి గొంతు అది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాళ్ల నాయినకు చెప్పలె మేడం. ఫోన్ల చెప్పే ముచ్చట గాదు. మా అత్తకు చెప్పలె. ఎవ్వరికీ చెప్పలె. నెల మీద వారం సంది కడుపుల పెట్టుకొని తిరుగుతున్న. నాకు నిద్ర లేదు. బీడీలు లెక్క తప్పుతున్నయ్. పిల్ల అంటె మీ దగ్గరికొచ్చి చెప్పుకున్నది. నేను యాడికి పోవాలె?"

ఈ గది పది నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లది. శిక్షణ పుస్తకంలో తల్లిని పిలిపించే అధ్యాయం ఉంది. తల్లి తనంతట తాను వస్తే ఏం చేయాలో లేదు.

భూమక్క లేచింది. వెళ్లిపోతుందనుకున్నారు ఇద్దరూ. ఆమె చెక్క గోడ పక్కనుంచి ల్యాబు వైపు నడిచి, పురుషోత్తం ఎదుట స్టూలు మీద కూర్చుని, ఎడమ చెయ్యి చాపింది.

"నాది గూడ చూడుండ్రి," అంది.

"మీరెందుకమ్మా? పాసైంది మీ బిడ్డ," అన్నాడు పురుషోత్తం. తర్వాత వాజిదాతో, "మేడం, ఈమె వయసు మన రిజిస్టర్ల పట్టది."

"తోడు వచ్చినోళ్ల గడిల రాయి అన్నా," అంది వాజిదా.

"గా గడి ఎన్నడు వాడలె."

"ఇయ్యాల వాడు."

పురుషోత్తం స్పిరిటు దూదితో వేలు తుడిచాడు. బీడీలు చేసే వేలి చర్మం మందంగా ఉండటంతో రెండోసారి పొడవాల్సి వచ్చింది. భూమక్క కదలలేదు. వాజిదా ఆమె పక్కన నిలబడింది. సాయిశ్రీ గుమ్మం దగ్గరే ఆగింది.

"గాంధారోళ్లకు ఏం చెప్తవ్ అక్కా?" అని మెల్లగా అడిగింది వాజిదా.

"ఇంట్ల రక్తం ఇంక తక్వనే ఉన్నదని చెప్త," అంది భూమక్క, రక్తపు బొట్టు స్ట్రిప్పు మీద పాకడం చూస్తూ. "ఎవరిదని చెప్ప. దాని డిగ్రీ అయ్యేదాంక గట్లనే ఉంటదేమో, ఎవరికి తెలుసు." కూతురి వైపు ఒకసారి చూసి మళ్లీ తిప్పుకుంది. "నేను ఒప్పుకున్న అంటలేను. నాకు అర్థం గావాలె."

"ఎప్పుడన్న రావచ్చు."

"ఎప్పుడన్న అంటె ఎట్ల మేడం? ఊర్ల అడిగెటోళ్లకు ఏం చెప్పాలె?"

యంత్రం చిన్నగా కూత పెట్టింది. పురుషోత్తం కళ్లద్దాలు పైకి జరిపి, తెర మీదకు వంగి, ఈసారి ఎందుకో మామూలు గొంతుతోనే చదివాడు.

8.7